ఎడారికెళ్ళిన చేపల పెట్టె

నేను పనిచేసే ఐసు ఫ్యాక్టరీకి ఒక నీలం పెట్టె వస్తూ ఉంటుంది. జంగ్లీఘాట్ రేవు నుంచి పడవవాళ్ళు దాన్ని చేతిబండి మీద తోసుకొస్తారు. నేను మిషనులో కొట్టిన ఐసు నిండా పోస్తాను. మూత బిగించుకుని వెళ్ళిపోతారు. వేట ముగించుకుని తిరిగొచ్చినా అడుగున ఇంకా ఐసు ఉంటుందని ఆ పడవ యజమాని నాకు ప్రతిసారీ చెప్తాడు. "ఇలాటి బక్సా పోర్ట్‌బ్లెయిర్ మొత్తం వెతికినా దొరకదు భయ్యా" అంటాడు. అతను మంచివాడే. అయినా ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఆ పెట్టె చేపల కోసం చేసింది కాదు. మా మేనకోడలు రాజస్థాన్ ఎడారిలో నడపాల్సిన ఎలక్ట్రిక్ జీపుకి బ్యాటరీ పెట్టెగా చేసింది. చేసినవాడు ఆమె తండ్రి, అంటే మా అక్క మొగుడు, మా బావ.

బావ వృత్తి ఫైబర్ పని. చిల్లుపడిన పడవలకు మాసికలు వేస్తాడు, వేటకెళ్ళే పడవలకు ఐసు పెట్టెలు చేస్తాడు. లోపలొక ఫైబర్ గోడ, బయటొక ఫైబర్ గోడ, రెంటి మధ్య ఫోమ్ నురుగు పోసి గట్టిపరుస్తాడు. ఆ పనిలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళు మా రేవులో లేరు, అది నేనూ ఒప్పుకుంటాను. పెట్టె పూర్తయ్యాక ఆయన చేసే పరీక్ష ఒకటుంది. నిండా ఐసు పోసి, మూత వేసి, ఎండలో ఉంచుతాడు. సాయంత్రం వచ్చి బయటి గోడ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. చేతికి చల్లదనం తెలిసిందంటే ఆ పెట్టె పనికిరాదు, ఎవరికీ ఇవ్వడు. లోపల ఏముందో బయటి చేతికి తెలియకూడదు. అదే ఆయన దృష్టిలో మంచి పెట్టె. ఆ చెయ్యి తీసి "పక్కా" అనే మాట కోసం పడవవాళ్ళు చుట్టూ నిలబడి ఎదురుచూస్తారు.

ఆ జీపు కూడా బావదే. ఒకప్పుడు రేవు నుంచి బజారుకి చేపలు మోసింది. ఉప్పుగాలికి డీజిల్ ఇంజను తుప్పుపట్టిపోతే చాలాకాలం మిన్నీ బేలో బావ ఇంటి పక్కన గడ్డిలో పడి ఉంది. మా మేనకోడలు ఎలక్ట్రిక్ ఆటోలు బాగుచేసే గ్యారేజీలో పనిచేస్తుంది. ఆటోవాళ్ళు లోపలికొచ్చి, మోటారు విప్పి చేతులకు గ్రీజు నల్లగా అంటించుకుని కూర్చున్న ఆమెను చూసి, "మిస్త్రీ ఎక్కడ దీదీ?" అని అడుగుతారు. ఆమె లేచి "చెప్పు, ఏటయింది?" అంటే, "ఫరవాలేదు, మిస్త్రీ వచ్చాకే చెప్తాను" అంటారు. ఆ మాటలు వినీ వినీ ఆమెలో ఒక పంతం పుట్టింది. ఆ జీపులోంచి ఇంజను తీసేసింది. సముద్రం అవతల మెయిన్‌ల్యాండ్‌లో ప్రమాదానికి గురైన ఒక కారు నుంచి మోటారు తెప్పించి, గేరు పెట్టెకి తనే కలిపింది. వైర్లన్నీ తనే లాగింది. ఎడారి ర్యాలీ పోటీలో ఎలక్ట్రిక్‌గా మార్చిన బళ్ళకు విడిగా ఒక విభాగం పెట్టారని తెలిసి పేరు ఇచ్చింది. మూడు రోజుల పరుగు. గెలవాలని ఆమె ఎప్పుడూ అనలేదు. మూడు రోజులూ పూర్తి చేసినవాళ్ళ జాబితాలో తను కట్టిన బండి ఉండాలి, అంతే. ఆమె అడిగింది అదొక్కటే. నా కోపానికి మూలం కూడా అదే. అంత చిన్న కోరిక.

నా వంతు లెక్కలు. నేను పెద్ద చదువులు చదవలేదు. కంప్రెసరు పక్కన కూర్చుని, ఎంత కరెంటుకు ఎంత ఐసు, ఎంత ఎండకు ఎంత కరుగుదల అని చూసుకుంటూ నేర్చుకున్నదే నా లెక్క. వేడిని నేను డిగ్రీల్లో కన్నా ఐసులో తొందరగా ఊహించగలను. ఇసకలో జీపు గట్టిగా లాగితే బ్యాటరీ లోపల పుట్టే వేడి గంటకు పదిహేను కిలోల ఐసును కరిగిస్తుందని నాకు తేలింది. ఆ వేడి బయటికి పోవాలి. పోకపోతే, అరవై డిగ్రీలు దాటగానే బ్యాటరీలో కాపలాగా పెట్టిన సర్క్యూట్ కరెంటు ఆపేస్తుంది. బండి ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. అందుకని పలచటి అల్యూమినియం రేకుతో, పక్కలకు గాలి తగిలే రెక్కలతో పెట్టె చెయ్యాలని ముగ్గురం కూర్చుని అనుకున్నాం. బావ కూడా తలూపాడు.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో కంప్రెసరు చెడిపోయి నేను కొన్నాళ్ళు అటువైపు వెళ్ళలేకపోయాను. వెళ్ళేసరికి జీపు వెనక నిగనిగలాడుతూ నీలం పెట్టె బిగించి ఉంది. బ్యాటరీ అందులో ఉంది.

"రేకేది బావా?"

"రేకా. ఉప్పుగాలికి రేకు ఎన్నాళ్ళుంటాది? ఓడ డెక్కు మీద కెరటం కొడితే జిమ్మేదారీ ఎవడిది, నీదా? ఇది చూడు. చుక్క నీరు దూరదు."

"మరి వేడి ఎలగ పోద్ది?"

"వేడి లోపలికొస్తే గదా పోడానికి. అక్కడ ఎండ మండిపోద్ది. మన ఐసుకి ఎండ తగలకుండా కాసేది ఈ పెట్టే గదా. బ్యాటరీ కూడా అంతే. హాయిగా పడుకుంటాది."

"చేప వేడి పుట్టించదు బావా. బ్యాటరీ పుట్టిస్తాది."

"ఛోడో. నీ లెక్కలు ఫ్యాక్టరీలో పెట్టుకో బామ్మర్దీ. పెట్టెల సంగతి నాకు చెప్పకు."

నేను మేనకోడలి వైపు చూశాను. ఆమె నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "మావయ్యా, ఓడ బుకింగ్ అయిపోయింది. మళ్ళీ చేసే టైం లేదు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేను గ్యారేజీలో చేరిన కాడ్నించీ నాన్న నా పని కేసి కన్నెత్తి చూళ్ళేదు. ఇన్నాళ్ళకి చెయ్యి పెట్టాడు. ఇప్పుడు తీసెయ్యమని ఎలగ చెప్పను?" అంది.

నేను రేకు కొలతలు రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. కానీ ఆ రోజు నుంచి కోపం మాత్రం నాతోనే ఉంది. మాది పుట్టినప్పటి నుంచి నీళ్ళతో పోరాడే బతుకు. తుప్పు, చెమ్మ, వాన, ఉప్పు. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాన్ని మూసేస్తాం, పూసేస్తాం, సీలు చేసేస్తాం. ఎక్కడికెళ్తున్నామో ఆలోచించం. నీళ్ళే లేని చోటికి వెళ్తూ కూడా నీళ్ళకు భయపడి కట్టిన పెట్టె అది.

ముగ్గురం జీపుతో బయల్దేరాక, దారి పొడవునా ఆ పెట్టెను పొగిడినవాళ్ళు నా కోపాన్ని ఇంకా పెంచారు. ఓడలోకి ఎక్కించేటప్పుడు ఒక గుమస్తా చుట్టూ తిరిగి చూసి, ఇంత గట్టి బ్యాటరీ పెట్టె తను చూడలేదన్నాడు. చెన్నైలో లారీ మీద కట్టినవాడు వేలితో తట్టి చూసి ఎక్కడ కొన్నారని అడిగాడు. ప్రతి పొగడ్తకీ బావ ఒక అంగుళం ఎత్తు పెరిగేవాడు. జైసల్మేర్ దాటాక ఇసకలో వేసిన గుడారాల దగ్గర, బళ్ళను తనిఖీ చేసే అధికారి కూడా అదే పని చేశాడు.

"వాటర్‌ప్రూఫ్ హై?" అన్నాడు ఆయన, వేళ్ళ కణుపులతో మూత మీద కొడుతూ.

"పక్కా సార్. సముందర్ మే ఫేంక్ దో, తైరేగా" అన్నాడు బావ.

సముద్రంలో పారేసినా తేలుతుందనేసరికి ఆయన నవ్వి పాస్ చేశాడు. చుట్టూ కనుచూపు మేర ఇసక తప్ప ఏమీ లేదు. తాగే నీళ్ళు కూడా ట్యాంకరులో వస్తున్నాయి. అక్కడ నిలబడి నీళ్ళు దూరని పెట్టెను మెచ్చుకున్నాడు. నేను ముందుకెళ్ళి, దీనికి గాలి కన్నాలు కావాలి సార్, లోపలి వేడి పోయే దారి లేదు అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. కన్నాలు పెడితే ఇసక దూరుతుంది, పాస్ చేశాను కదా అన్నాడు. తర్వాత మూత బోల్టులకు తీగ చుట్టి సీసం సీలు వేశాడు. ర్యాలీ అయ్యేవరకు దాన్ని ఎవరూ తెరవకూడదు. తెరిస్తే బండి పోటీలో లేనట్టే.

మొదటి రోజు పొద్దున ఒక పరుగు, మధ్యలో ఛార్జింగ్, మధ్యాహ్నం ఇంకో పరుగు. నా లెక్క ప్రకారం మధ్యాహ్నం పరుగులోనే బండి ఆగాలి. ఆ మాట మేనకోడలికి చెప్పాను, బావకి చెప్పాను, పక్క గుడారం వాళ్ళు అడిగితే వాళ్ళకీ చెప్పాను. బండి ఆగలేదు. ఎండ వాలుతుండగా దుమ్ము రేపుకుంటూ వచ్చి గీత దాటింది. మేనకోడలు కళ్ళద్దాలు తీస్తే కళ్ళ చుట్టూ తప్ప ముఖమంతా ఇసక రంగే. నవ్వుతోంది. అంతలా నవ్వడం ఆమె చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

"ఏటి బామ్మర్దీ, నీ లెక్క ఇసకలో దిగబడిపోయిందేటి? ట్రాక్టరు పిలవనా?" అన్నాడు బావ. చుట్టూ ఉన్నవాళ్ళకు హిందీలో కూడా చెప్పాడు, వాళ్ళూ నవ్వాలని.

నేను స్టీరింగ్ పక్కన బ్యాటరీ వేడి చూపే మీటరు చూశాను. ఛార్జింగ్ కూడా అయ్యాక యాభై డిగ్రీలు. లెక్క మళ్ళీ వేసుకున్నాను. గంటకు పదిహేను కిలోల ఐసు అనుకున్నది నిజానికి పది కిలోల దగ్గర ఉంది. అంత తేడా రావడం నాకు సిగ్గనిపించింది. సరే, రాత్రి ఇక్కడ చలి ఎముకలు కొరుకుతుంది కదా, తెల్లారేసరికి చల్లబడుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

పొద్దున ఇసక మీద చెప్పులు లేకుండా కాలు పెట్టలేనంత చలి. పక్క బళ్ళవాళ్ళు తమ బ్యాటరీలు మరీ చల్లబడ్డాయని, కాస్త వేడెక్కించాలని తంటాలు పడుతున్నారు. నేను మా బండిలో మీటరు చూశాను. నలభై ఆరు. రాత్రంతా ఆ చలిలో ఉండి తగ్గింది నాలుగు డిగ్రీలు.

అప్పుడు నాకు బావ చేతిపని విలువ పూర్తిగా అర్థమైంది. సముద్రం మీద ఐసుని ఎలా నిలబెడుతుందో, ఎడారిలో వేడినీ అలాగే నిలబెట్టింది. పక్కవాళ్ళ బళ్ళన్నీ కొత్తగా మొదలుపెడుతుంటే, మా బండి నిన్నటి వేడిని వీపు మీద మోసుకుంటూ మొదలుపెట్టాలి.

అధికారి దగ్గరికి పరుగెత్తాను. మూత ఒక్క గంట తెరవనివ్వమన్నాను. "సీల్ తోడా తో బాహర్" అన్నాడు, టీ తాగుతూ. సీలు తెంపితే పోటీ బయటే. మీటరు చూడమన్నాను. నిన్న బండి బాగానే వచ్చింది కదా అన్నాడు.

వెనక్కి వచ్చి మేనకోడలితో, "అమ్మీ, మెల్లగా పో. కరెంటు సగానికి మించి లాగనివ్వకు. అప్పుడు గట్టెక్కుతావు" అన్నాను.

"మావయ్యా, మెల్లగా వెళ్తే ఇసకలో దిగబడిపోద్ది. దిబ్బ ఎక్కాలంటే ఊపు ఉండాలి. నిన్న చూశాను గదా."

"ఎందుకు బెదరగొట్టేస్తన్నావు పిల్లని?" అన్నాడు బావ. "నిన్న ఆగిపోద్దన్నావు. ఆగిందా?"

ఆమె మా ఇద్దరి మధ్యా నిలబడి హెల్మెట్ పట్టీ బిగించుకుంది. ఎవరి మాటా విననట్టు మీటరు వైపు ఒకసారి చూసుకుని ఎక్కింది.

పరుగు చివరలో పెద్ద దిబ్బలున్నాయి. రెండు ఎక్కింది. మూడోదాని మీద సగంలో ఉండగా కరెంటు పోయింది. జీపు వెనక్కి జారి, పక్కకు తిరిగి, ఇసకలో చక్రాలు పూడి ఆగింది. అంతా మాకు రేడియోలో తెలిసింది. ఎండలో జీపు నీడన కూర్చుని, వేడి తగ్గుతుందేమోనని ఆమె ఎదురుచూసింది. అది తగ్గితే కదా. ట్రాక్టరు వెళ్ళి లాక్కొచ్చింది. ఒక పరుగు తప్పిన బండిని మర్నాడు బయల్దేరనివ్వరు. అంతటితో అయిపోయింది.

ట్రాక్టరు వెనక జీపులో కూర్చుని ఆమె స్టీరింగ్ పట్టుకుని వచ్చింది. దిగగానే తండ్రి అన్న మొదటి మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఎందుకంత తొక్కేసావు?"

నేను నోరు తెరిచేలోపు ఆయన పెట్టె దగ్గరికి వెళ్ళాడు. అలవాటుగా అరచెయ్యి బయటి గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "చల్లగానే ఉంది గదే" అన్నాడు.

ఆమె లోపలికి వంగి మీటరు తెర ఆయన వైపు తిప్పింది. అరవై ఒకటి.

బావ చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది. తెర వైపు చూశాడు, తన చేతి వైపు చూశాడు. లోపల ఏముందో బయటి చేతికి తెలియలేదు. తన పరీక్షలో పెట్టె నెగ్గింది. ఆయన ఆ చేతిని తీసి చొక్కాకి తుడుచుకున్నాడు, తడి లేకపోయినా.

"నాన్నా, ఇది చేపల పెట్టె" అంది ఆమె. అరవలేదు. బజారులో ఏదో వస్తువు చూపించి ఇది ఫలానా అన్నట్టు అంది.

ఆయన ఒక్క మాట కూడా వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. ఓడ ఎక్కినప్పటి నుంచి నేను దాచుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

అంతలో అధికారి వచ్చాడు. బండి పోటీలో లేదు కాబట్టి ఇప్పుడు ఆయనకు అభ్యంతరం లేదు. కటింగ్ ప్లయరుతో సీలు తీగ టపీమని తెంపి, బోల్టులు విప్పించి, మూత ఎత్తించాడు. అన్నం గిన్నె మూత తీసినట్టు వేడిగాలి మా ముఖాలకు కొట్టింది. ఆయన ఒకడుగు వెనక్కి వేసి, పెట్టెను అటూ ఇటూ చూసి అడిగాడు.

"ఇస్ మే వెంట్ క్యోం నహీ దియా?"

కన్నాలు ఎందుకు పెట్టలేదని. నన్నే అడిగాడు.

నేను ఆయన మీదికి వెళ్ళాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి దిగిపోయాను. ఆయనకు ఒక్క ముక్క అర్థమై ఉండదు, కానీ చేతిలోని ప్లయరు కింద పడేశాడు. మా మేనకోడలు నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది. "ఇప్పుడెందుకు మావయ్యా, ఇప్పుడెందుకు" అంటూనే ఉంది. అంతసేపూ ఏడవని పిల్ల అప్పుడు, నన్ను ఆపుతూ ఏడ్చింది. అది కూడా ఆ అధికారి ఖాతాలోనే రాసుకున్నాను.

తిరుగు ప్రయాణమంతా బావ ఓడ రెయిలింగ్ దగ్గరే నిలబడ్డాడు. ఇంటికొచ్చాక ఆ పెట్టెను తనే విప్పాడు. లోపల కడిగి, ఐసు పోసి, ఎండలో పెట్టి, సాయంత్రం చెయ్యి ఆనించి చూశాడట. ఆ తర్వాత ఒక పడవకి ఇచ్చేశాడు. దాన్ని పగలగొడతాడని నేను అనుకున్నాను. పగలగొట్టకపోగా, కొద్ది రోజులకే రేవులో చెప్పడం మొదలుపెట్టాడు. రాజస్థాన్ వెళ్ళొచ్చిన పెట్టె అని. అక్కడ ఆఫీసరు కూడా సెభాష్ అన్నాడని. ఎడారిలో ఏమయిందో మాత్రం చెప్పడు. వినేవాళ్ళు వచ్చి నన్ను అడుగుతారు, నిజమేనా భయ్యా అని. నేను ఐసు కొట్టే మిషను ఇంకాస్త గట్టిగా తిప్పుతాను.

మేనకోడలు మళ్ళీ పేరు ఇచ్చింది. ఈసారి పెట్టె ఆమే చేసింది, అల్యూమినియం రేకుతో, రెండు పక్కలా రెక్కలతో. అతుకులు నున్నగా లేవు. బావ చేసి ఉంటే అందంగా ఉండేది. తండ్రిని ముట్టుకోనివ్వలేదు. ఆయన రోజూ షెడ్డు గుమ్మం దాకా వచ్చి, చూసి, "ఆ మూల వంకరగా ఉంది" అని చెప్పి వెళ్ళిపోయేవాడు.

మొన్న వెహికల్ ఫెర్రీ మీద జీపును హార్బరు దాటించి, హోప్ టౌన్ వైపున్న పాత రాతి క్వారీకి తీసుకెళ్ళాం. బావ పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. బండి నిండా రాళ్ళు వేసి, ఎండ నెత్తి మీదికొచ్చేదాకా ఆ ఎత్తుపల్లాల్లో ఆమె తిప్పింది. మీటరు నలభై ఎనిమిది దాటలేదు. నేను ఆ అంకెను రెండుసార్లు చూసుకున్నాను.

ఆమె బండి ఆపి దిగింది. "నాన్నా, చెయ్యి పెట్టు" అంది.

బావ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన చెయ్యి చాచి, రేకు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకోబోయాడు. మూసుకునేలోపే చటుక్కున లాక్కున్నాడు.

"అబ్బ. ఇది పెట్టా, పెనమా?"

"పక్కా" అంది ఆమె. వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది.

ఆయన అరచెయ్యి ఊదుకుంటూ నిలబడ్డాడు. ఎర్రబడింది. నా కోపం తగ్గిందా అని అక్క ఆ సాయంత్రం అడిగింది. తగ్గలేదు. మర్నాడు నీలం పెట్టె వచ్చింది, ఐసు పోశాను. కాకపోతే ఆ పడవ యజమాని ఎప్పటి మాటే అన్నప్పుడు, "అవును, మంచి పెట్టే. చేపలకి" అన్నాను.